వంతెన కింద పట్టని వినాయకుడు

మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరింట పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, కాలేజీ పిల్లలెవరో ఒకరు ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుని మర్యాదకి ఒక ప్రశ్న అడుగుతారు: "ఆంటీ, రిటైర్ అవకముందు మీరు ఏం వర్క్ చేసేవాళ్ళు?"

"వంతెన ఎత్తేదాన్ని నాన్నా."

వాళ్ళు నవ్వుతారు. తరవాత నాకు మతి తప్పుతోందేమోనని మా ఆయన వైపు చూస్తారు. ఆయన బిర్యానీలోంచి తలెత్తకుండా, "నిజమే. ఇంట్లో మాత్రం పుల్ల ఎత్తి పక్కన పెట్టదు" అంటారు.

ఇది ఆ పిల్లల కోసం రాస్తున్నాను. మీరు లాప్‌టాప్ మీద ఒక మీట నొక్కితే ఎక్కడో, ఎవరికో, ఏదో జరుగుతుందని నమ్మి జీతం తీసుకుంటారు. నేను మీట నొక్కితే రోడ్డు లేచి నిలబడేది. తారు, పసుపు గీతలు, చచ్చిన ఉడత, అన్నీ కలిసి ఆకాశం వైపు చూసేవి. దేవుడు నాకిచ్చిన వాటిలో, మా ఆయన్ని కూడా లెక్కలో వేసుకునే చెప్తున్నాను, ఆ ఉద్యోగాన్ని మొదటి వరసలో పెడతాను.

నేను బడి మొహం చూడలేదు. మా నాన్న గోదావరి కాలవ మీద లాకు సూపర్నెంటు. కాలవ నీళ్ళు ఒక మెట్టు కిందికి దిగేచోట రెండు జతల తలుపులు కట్టి, పడవని వాటి మధ్య నిలిపి, నీళ్ళు నింపో తీసో అవతలికి పంపుతారు. అదే లాకు. మా క్వార్టర్ ఆ తలుపుల పక్కనే ఉండేది. బడి చాలా దూరం. అందుకని నాన్నే పలక పట్టించాడు. లెక్కలు నీటిమట్టం రాయి మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు సర్క్యులర్లలోంచి. ఇప్పటికీ నేను ఈమెయిల్ రాస్తే దొరగారికి అర్జీ పెట్టుకున్నట్టు ఉంటుందని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. దీపం పెట్టడం, ఎవరేమిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకోవడం అమ్మ నేర్పింది. అదే నా డిగ్రీ.

నాన్న పాఠాల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "లాకు దగ్గర పెద్దా చిన్నా లేదమ్మా. ముందొచ్చిన పడవ ముందెళ్తుంది. అది గడ్డి పడవైనా సరే." ఎంతో గంభీరంగా చెప్పేవాడు. ఇంజనీరుగారి లాంచీ మలుపు తిరగ్గానే ఆ గడ్డి పడవని తనే దగ్గరుండి గట్టుకి తోయించేవాడు. పాఠం గొప్పదే, పంతులే కాస్త మెత్తన.

ఈ దేశం వచ్చాక, పిల్లలు కొంచెం పెద్దవాళ్ళయ్యాక, లైబ్రరీ గోడ మీద కౌంటీ ప్రకటన ఒకటి చూశాను. నది మీద ఎత్తుడు వంతెనకి ఆపరేటర్ కావాలిట. హైస్కూల్ సర్టిఫికెట్ ఉండాలన్నారు. మా అబ్బాయి హైస్కూల్ పరీక్షలకి చదువుతున్న డైనింగ్ టేబుల్ మీదే, వాడి ఎదురుగా కూర్చుని, దానికి సమానమైన పరీక్షకి నేనూ చదివాను. లెక్కల్లో వాడికంటే నాకే ఎక్కువ వచ్చాయి. ఈ మాట వాడి పెళ్ళిలో కూడా చెప్పాను.

ఇంటర్వ్యూలో సూపర్‌వైజర్ అడిగాడు, "అనుభవం?"

"నేను లాకు పక్కన పెరిగానండి. పడవ కనపడితే తలుపు తియ్యాలని తెలుసు."

అతను చాలాసేపు ఏదో రాసుకున్నాడు. ఉద్యోగం ఇచ్చాడు. ఆ పోస్టుకి ఇంకెవరూ అప్లై చేయలేదని తరవాత తెలిసింది. భగవంతుడి దయ అనేక రూపాల్లో ఉంటుంది, పోటీ లేకపోవడం వాటిలో ఒకటి.

నాకు పని నేర్పింది ఒక ముసలాయన. పెద్ద సరస్సుల మీద సరుకు ఓడల్లో తాళ్ళు లాగి లాగి, మోకాళ్ళు అరిగాక మా వంతెన మీదికి వచ్చాడు. నోరు తెరిస్తే బూతు, మూస్తే సార్డిన్ చేపలు. మీటల పక్కన నేను చిన్న వినాయకుడి బొమ్మ పెట్టుకుంటే అడ్డు చెప్పలేదు. పైపెచ్చు రోజూ పొద్దున్నే దానికి "గుడ్ మార్నింగ్, బాస్" అనేవాడు. "నువ్వు అడిగిందానికి ఈయన ఏమన్నా ఇస్తాడా?" అని ఒకసారి అడిగాడు. "అడగను. ఇచ్చినవాటికి థాంక్స్ చెప్తాను, అంతే" అన్నాను. "తెలివైనదానివే, అప్పు అడగని మనిషిని అందరూ ప్రేమిస్తారు" అన్నాడు.

పని సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పడవవాడు ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత వేస్తే 'వంతెన ఎత్తు' అని. మేము ఎత్తగలిగితే అదే కూత తిరిగి వేస్తాం. ఎత్తకపోతే ఐదు పొట్టి కూతలు. తరవాత ఎర్ర లైటు, గంట, గేట్లు. వంతెన మీద మనిషి, కుక్క, సైకిలు లేవని చూసుకోవడం. ఆపైన మీట. ఇంతే. ముసలాయన దీనికి ఒక్క మాట చేర్చాడు: "బోటులో ఎవరున్నారో చూడకు. ఎంత ఎత్తుందో చూడు."

ఇక చట్టం. భయపడకండి, నేను లాయర్ని కాను, కాబట్టి తొందరగానే అయిపోతుంది.

కార్లో కూర్చున్నవాడికి రోడ్డు తనది, పడవ దారికడ్డం వచ్చిన దెయ్యం. చట్టం మాత్రం తిరగేసి చెప్తుంది. 1787లో, ఈ దేశానికి రాజ్యాంగం ఇంకా చేతికి రాకముందే, మా ప్రాంతం గురించి రాసిన శాసనంలో ఇక్కడి నీటిదారులన్నీ అందరికీ ఉమ్మడి రహదారులు, ఎప్పటికీ సుంకం లేదు అని పెట్టేశారు. అప్పటికే ఆ నీళ్ళమీద తరతరాలుగా పడవలు నడుపుకుంటున్న ఇక్కడి ఆదివాసుల్ని ఒక్కమాట అడగాలని మాత్రం రాసినవాళ్ళకి తోచలేదు. ఆ తరవాత నూరేళ్ళు ఎవడికి తోచినచోట వాడు వంతెన కట్టాడు, ఆనకట్ట వేశాడు, రంపపు పొట్టు పారబోశాడు. చివరికి 1899లో ఇంకో చట్టం వచ్చింది. అనుమతి లేకుండా నదిలో ఏదీ కట్టకూడదు, ఏదీ పారెయ్యకూడదు. మా వంతెనలాంటివి పడవ అడిగితే లేవాలి. రోడ్డు అతిథి, నది ఇంటి యజమాని. ఈ వ్యవహారం చూడమని మొదట యుద్ధాల శాఖకి ఇచ్చారు, తరవాత రవాణాకి, ఆపైన దేశ భద్రతకి. ఇన్ని చేతులు మారినా నదికి కబురే అందలేదు. అది తనదారిన తను పోతూనే ఉంది.

ఈ చట్టంలో రెండోవైపు కూడా ఉంది, గుర్తుపెట్టుకోండి, కథలో పనికొస్తుంది. అవసరం లేకుండా పడవ కూత వెయ్యకూడదు. పైన ఉన్నవాటిలో దించగలిగినవి, ప్రయాణానికి అక్కర్లేనివి దించేసి, అప్పటికీ పట్టకపోతేనే వంతెన ఎత్తమనాలి.

మా వంతెనకి ఎగువన ఒకావిడ పడవలు బాగుచేసే షెడ్డు నడిపేది. భర్త పోయాక తనే రంపం పట్టింది. తెరచాప పడవలు ఆమె దగ్గరికి వచ్చేవి, వాటి కొయ్యలు మా వంతెనకంటే ఎత్తు. మేము ఎత్తకపోతే ఆమెకి అన్నం లేదు. ఎత్తితే టౌన్‌షిప్ పెద్దలకి, అంటే ఊరి పంచాయతీవాళ్ళకి, ఆఫీసుకి ఆలస్యం. వాళ్ళందరూ కలిసి నదుల మీది వంతెనల సంగతి చూసే ఫెడరల్ ఆఫీసుకి అర్జీ పెట్టారు: ఒకరోజు ముందు ఫోన్ చేస్తే తప్ప వంతెన ఎత్తనక్కర్లేదని మార్చండి, దీన్ని ఎవరూ వాడటం లేదు అని. అర్జీ కింద బోలెడు సంతకాలు. గాలివాటం చూసుకుని బయల్దేరేవాడు ఒకరోజు ముందు ఏం ఫోన్ చేస్తాడు? షెడ్డు మానేసి ఇంకో ఊరికి పోతాడు. పైగా రూలు మారితే వంతెన మీద మనుషులు అక్కర్లేదు. అంటే నేను అక్కర్లేదు.

అప్పుడే మా ఆయన పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీ ఆయన్ని పొమ్మంది. ఇంటిల్లిపాది హెల్త్ ఇన్సూరెన్సూ నా ఉద్యోగం మీదే ఉంది. మా ఆయనకి గుండెలో స్టెంట్లు ఉన్నాయి. ఆ రోజుల్లో దేవుడికి థాంక్స్ చెప్పేటప్పుడు ముందుగానే, అడ్వాన్సుగా చెప్పేదాన్ని.

ఫెడరల్ ఆఫీసునుంచి ఇన్‌స్పెక్టర్ ఒక శనివారం వచ్చి, రోజంతా వంతెన మీది మా మీటల గదిలో కూర్చుని, రోడ్డూ నదీ చూసి వెళ్తుందని కబురొచ్చింది. ముందురోజు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. జీతాలు మిగులుతాయని కౌంటీ కూడా అర్జీ పక్షమే.

"రేపు వంతెన నిద్రపోవాలి. ఏ పడవైనా వస్తే ఐదు కూతలు కొట్టు. రిపేర్ అని చెప్పు."

"రిపేర్ ఏమీ లేదు కదండీ."

"రేపు ఉంటుంది."

షెడ్డావిడకి కూడా ఫోన్ చేసి, ఆ శనివారం ఇవ్వాల్సిన పడవని వాయిదా వేసుకోమని అడిగాడట. "చూద్దాంలే" అందట ఆవిడ. ఆవిడ 'చూద్దాంలే' అంటే ఏమిటో తెలిసినవాళ్ళం కాబట్టి నేనూ ముసలాయనా మొహాలు చూసుకున్నాం.

వచ్చిన ఇన్‌స్పెక్టర్ పొట్టిగా, గట్టిగా, చేతిలో టీ ఫ్లాస్కుతో మా పిన్నిలా ఉంది. కూర్చుంది, చూసింది. పొద్దున్నుంచి ఒక్క పడవా రాలేదు. ఒక బాతు వచ్చింది. దానికి వంతెన ఎత్తనక్కర్లేదు.

మధ్యాహ్నం నా సెల్‌ఫోన్ మోగింది. మా గుడి కమిటీలో ట్రెజరర్ కుర్రాడు. సాఫ్ట్‌వేర్, వరంగల్ పిల్లాడు.

"ఆంటీ, నమస్తే ఆంటీ. డిస్టర్బ్ చేస్తున్ననా?"

"డ్యూటీలో ఉన్నాను నాన్నా. నువ్వెక్కడ?"

"మీ బ్రిడ్జ్ కాడనే ఆంటీ. కింద పోదామంటే పోతలేదు. గణపయ్య పడ్తలేడు."

కిటికీలోంచి చూశాను. మలుపు దగ్గర అద్దెకి తెచ్చిన పాంటూన్ బోటు ఒకటి, అంటే బల్లపరుపు తెప్పకి మోటారు పెట్టినట్టుంటుందే, అది. దాని మీద డప్పులు, పట్టుపంచెలు, లైఫ్ జాకెట్లు, మధ్యలో మట్టి వినాయకుడు. ఆయన మీద జరీ గొడుగు.

ఆ రోజు నిమజ్జనమని నాకు తెలుసు. ఎగువ పార్కులో బోటెక్కించి, వంతెన కిందుగా దిగువకి తీసుకెళ్ళి, పెద్ద నీళ్ళు మొదలయ్యేచోట నిమజ్జనం. జనమంతా కార్లలో ముందుగా అక్కడికి చేరుకోవాలి. పర్మిషన్లన్నీ తీసుకున్నారు. విగ్రహం పచ్చిమట్టిదే ఉండాలి, పూలు నీళ్ళలో వెయ్యకూడదు అని షరతు. చట్టం దృష్టిలో దేవుడు చెత్త కిందికి రాడు, చామంతులు వస్తాయి. ఇవన్నీ చూసుకున్నారు. కిందటేడు ఇంకో అసోసియేషన్ వాళ్ళ వినాయకుడు మనకంటే పొడుగని ఎవరో ఫోటో పెట్టారని, ఈసారి పంతం పట్టి ఎత్తు పెంచారు. మూసి ఉన్న మా వంతెన కింద మనిషి భుజాలమీద మనిషి నిలబడితే పైవాడి తల తగులుతుంది. వీళ్ళు విగ్రహం కొలిచారు. గొడుగు కొలిచారు. కింద వేసిన పీటా, బోటు చెక్కా కొలవలేదు. ఆ బోటులో ఉన్నవాళ్ళలో ముగ్గురు కార్లు డిజైన్ చేస్తారు. అప్పటినుంచి నేను కారు గరాజ్‌లోకి తిప్పేటప్పుడు తల వంచుకుంటాను.

"వెనక్కి తీసుకుపోండి నాన్నా" అన్నాను.

"ఎట్ల ఆంటీ? పంతులుగారు ఉద్వాసన చెప్పిన్రు. ఒకసారి కదిలినంక గణపయ్యను మళ్ల ఇంటికి తోల్కపోవద్దట. అరిష్టమట. జర బ్రిడ్జ్ లేపున్రి ఆంటీ."

ఫోన్ ముసలాయన చేతికిచ్చి, స్పీకర్‌లో పెట్టమన్నాను. ఇన్‌స్పెక్టర్ ఫ్లాస్కు మూత పెట్టి కిటికీ దగ్గరికి వచ్చింది.

"అది ఏమిటి?" అంది.

"మా దేవుడండి."

ముసలాయన తొంగి చూశాడు. "ఓహో, మన బాసే! ఎదిగాడే!"

అదే సమయానికి గదిలో ఉన్న ల్యాండ్‌లైన్ మోగింది. సూపర్‌వైజర్. టౌన్‌షిప్ పెద్దలతో కలిసి రోడ్డు చివర కాఫీ కొట్టులో కూర్చుని మా వంతెన నిద్రపోతుంటే మురిసిపోతున్నాడు. బోటు కనపడగానే మురిపెం దిగింది.

"ఐదు కొట్టు" అన్నాడు. "ఇప్పుడే కొట్టు. వాళ్ళు మీవాళ్ళని నాకు ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. ఈ రోజు నువ్వు మీవాళ్ళకోసం వంతెన ఎత్తావో, సోమవారం నీకు ఆఫీసులో పనుంటుంది."

సోమవారం ఆఫీసులో పని అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆయన మందుల సీసాలు కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. నాన్న గట్టుకి తోయించిన గడ్డి పడవ కూడా కనిపించింది, ఎందుకో. ముసలాయన వైపు చూశాను. ఆయన చేప నములుతున్నాడు. అప్పుడే కాదు, ఎప్పుడూ ఆయన నా బదులు ఏదీ నిర్ణయించలేదు, అందుకు ఆయనకి ఋణపడి ఉన్నాను.

"సార్, ఇంకా వాళ్ళు కూతే వెయ్యలేదు. వేస్తే చూస్తాను" అని పెట్టేశాను. ఇందులో అబద్ధం లేదు. సెల్‌ఫోన్ దగ్గరికి వంగి అన్నాను: "నాన్నా, గొడుగు తియ్యండి."

"గొడుగా? ఆంటీ, స్వామికి ఎండ..."

"స్వామి ఎండకి తట్టుకుంటాడు. దించగలిగింది దించకుండా నన్ను వంతెన ఎత్తమనకూడదు. చట్టం. తియ్యండి."

తీశారు. అప్పటికీ కిరీటం జానెడు మిగిలింది. ఇన్‌స్పెక్టర్ బైనాక్యులర్స్ తీసి చూసింది.

"ఆ విగ్రహాన్ని పడుకోబెట్టలేరా?"

"పచ్చిమట్టండి. ముక్కలైపోతాడు."

"మరి అది ప్రయాణానికి అవసరమైనదేనా?" చట్టంలో మాట అదే. ఆవిడ మొహంలో నవ్వు లేదు, పని చేస్తోంది.

"మా దగ్గర ఆయనకి చెప్పకుండా ఏ ప్రయాణమూ మొదలవదండి. కానీ అది నా నమ్మకం, మీ రూలు కాదు."

ఆవిడ కొంచెం ఆలోచించింది. "సరుకు అనుకుందాం. పడవ మోస్తున్న సరుకు. సరుకు దించమని ఎవరూ అనరు" అంది. ముల్లోకాల విఘ్నాలు తొలగించేవాడు, మా నదిలో విఘ్నమై నిలబడి, సరుకుల జాబితాలోకి ఎక్కాడు. ఆయన ఏమీ అనుకోడు. కడుపు నిండా తిన్న మనిషి కదా.

"నాన్నా, హారన్ వెయ్యి. ఒక పొడుగు, ఒక పొట్టి."

"హారన్ పనిచేస్తలేదు ఆంటీ. అద్దె బోటు."

"శంఖం ఉందా?"

ఉంది. పంతులుగారు పట్టుపంచె మీద నారింజ లైఫ్ జాకెట్ సర్దుకుని, బుగ్గలు పూరించి, పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి ఊదారు. ఆ నది మీద అంత శుద్ధమైన కూత నేను వినలేదు.

నా వేళ్ళు మీట మీద ఉన్నాయి. ల్యాండ్‌లైన్ మళ్ళీ మోగుతోంది. ఒక పొడుగు, ఒక పొట్టి తిరిగి వేశాను. ఎర్ర లైటు. గంట. గేట్లు. రోడ్డు లేచి నిలబడింది.

కష్టం నదిలో కాదు, రోడ్డు మీద మొదలైంది. గేటు ముందు ఆగిన కార్ల వరస చూస్తుండగానే పెరిగిపోయింది. చాలా కార్లకి మావిడాకులు కట్టి ఉన్నాయి. అందరూ హారన్ల మీద చేతులు తియ్యడం లేదు. ముసలాయన చేతిలో నా సెల్‌ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి గుడి ప్రెసిడెంట్‌గారు, గుంటూరాయన, కారులోంచి.

"ఏంటమ్మా ఇదీ! గేట్లేసేశారేంటి! ముహూర్తం దాటిపోతా ఉంటే! అక్కడ బోటొచ్చేసి ఉంటది, మేం లేకుండా నిమజ్జనం ఎట్టా చేస్తారు? ఎవడో పనీపాటా లేనోడు బోటేసుకుని తిరుగుతా ఉంటే, ఆడి కోసం ఇంతమందిని ఆపుతారా?"

"ఆ పనీపాటా లేనాయన మన వినాయకుడేనండి, అన్నయ్యగారూ."

ఫోన్లో కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. గేటు దగ్గర ఆయన కిందికి దిగి, రెయిలింగ్ మీదినుంచి వంగి చూసి, రెండు చెంపలూ వాయించుకోవడం నాకు పైనుంచి కనిపించింది. ఆయన వెనక అందరూ దిగారు. అప్పటిదాకా హారన్లు కొట్టిన చేతులే చప్పట్లు కొట్టాయి. వినాయకుడు ఎండలో, గొడుగు లేకుండా, నిలబడ్డ రోడ్డు పక్కనుంచి నెమ్మదిగా దాటాడు.

ఆయన వెనకాలే, ఎవరూ పిలవకుండా, తెల్ల తెరచాప పడవ ఒకటి వచ్చింది. చుక్కాని దగ్గర షెడ్డావిడ. వంతెన లేవడం షెడ్డులోంచి చూసి, రంపం పక్కన పడేసి బయల్దేరిందిట. దాటుతూ మా గది వైపు టోపీ ఊపింది. "చూశాంగా!" అన్నట్టు.

టౌన్‌హాల్లో బహిరంగ విచారణ ఆ తరవాతి వారం జరిగింది. ఈలోగా సోమవారం వచ్చింది. సూపర్‌వైజర్ నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి, విచారణ అయ్యేదాకా నీ సంగతి పక్కన పెడుతున్నానన్నాడు. పక్కన పెట్టిన అన్నంలా వారమంతా ఎండాను.

విచారణలో టౌన్‌షిప్ లాయర్ లేచాడు. కుర్రాడే, మా అబ్బాయి వయసుండొచ్చు. "ఆ శనివారం జరిగింది నాటకం" అన్నాడు. "ఆపరేటర్ తన మతంవాళ్ళని పిలిపించుకుంది. తన దేవుడికోసం ప్రభుత్వ వంతెన ఎత్తింది. ఇదా నది వాడకం?"

నన్ను మాట్లాడమన్నారు. నా ఇంగ్లీషు సంగతి చెప్పాను కదా. "మహాశయులకు మనవి చేయడమేమనగా" అన్న ఫక్కీలోనే మొదలెట్టాను. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, మా అమ్మాయే అయుంటుంది.

"అయ్యా, బోటులో ఎవరున్నారో చూడొద్దని నాకు నేర్పారు. పొడుగాటి గెడకర్రకి దుప్పటి కట్టి తెరచాప అనుకుని వచ్చినవాడికి కూడా ఎత్తాను. మా దేవుడు వస్తే ముందు గొడుగు దించమన్నాను. దించాకే ఎత్తాను. గొడుగు దించకపోతే ఆయన ఇప్పటికీ అక్కడే ఉండేవాడు. మీరు చూడటానికి కూడా వెళ్ళొచ్చు."

"ఒకవేళ ఆయన వంతెన కింద పట్టేవాడైతే?" అన్నాడు లాయర్.

"ఎత్తేదాన్ని కాదు."

"మీ దేవుడికా?"

"ఎవరికైనా."

అతను నన్ను నమ్మలేదు. చిన్నగా నవ్వి కూర్చున్నాడు. అతన్ని తప్పుపట్టను, అప్పటికి నన్ను నేనే పూర్తిగా నమ్మలేదు.

షెడ్డావిడ మాట్లాడింది, నాలుగు ముక్కలు, మధ్యలో ఒక బూతు. తరవాత ఎవరూ ఊహించని మనిషి లేచారు, మా ప్రెసిడెంట్‌గారు. "ఆ అర్జీలో నా సంతకం ఉందండి" అన్నారు. "మా కమిటీలో సగం మంది సంతకాలున్నాయి. ఆఫీసుకి లేటవుతుందని పెట్టాం. ఆ శనివారం కారులో కూర్చుని నేను బ్రిడ్జ్‌ని నానా తిట్లూ తిట్టాను. తిట్టింది నా సొంత దేవుణ్ణని తరవాత తెలిసింది. నా సంతకం నాకు ఇప్పించండి." హాలంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వకుండా రాసుకుంది.

నిర్ణయం చలికాలం మొదట్లో వచ్చింది. పడవలు తిరిగే కాలంలో, పగటిపూట, అడిగితే ఎత్తాలి. మిగతా వేళల్లో ముందు ఫోన్ చెయ్యాలి. అంటే అందరికీ సగం గెలుపు, ప్రభుత్వ నిర్ణయాలు అలాగే ఉంటాయి. రాత్రి డ్యూటీ పోయింది, మా ఇద్దరిలో ఒకరు చాలన్నారు. ముసలాయన, "నా మోకాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నాయి" అని తప్పుకున్నాడు. అందువల్ల నా ఉద్యోగం, దాంతోపాటు ఇన్సూరెన్సు, మిగిలాయి. మోకాళ్ళ వంక ఎంత నిజమో నేను అడగలేదు. వినాయకుడి బొమ్మ పక్కన ఆయన సార్డిన్ డబ్బా ఒకటి ఖాళీది ఉంచుకుని, అందులో పువ్వు పెట్టేదాన్ని. సూపర్‌వైజర్ నా సంగతి పక్కన పెట్టిన చోటునుంచి మళ్ళీ తియ్యలేదు. మరిచిపోవడం కూడా ఒక దయే.

మళ్ళీ ఏడు చవితి వచ్చింది. మా కమిటీవాళ్ళు బుద్ధి తెచ్చుకున్నారు. పీటా, బోటు చెక్కా, గొడుగు, అన్నీ కలిపి కొలిచి, లేజర్‌తో మళ్ళీ కొలిచి, ఎత్తు తగ్గించి వినాయకుణ్ణి చేయించారు. శనివారం మధ్యాహ్నం మలుపు తిరిగి వస్తున్నాడు. చూడగానే తెలుస్తోంది, గొడుగుతో సహా హాయిగా పడతాడు. ఒడ్డున జనం. ఆ జనంలో, భార్యాపిల్లలతో ఐస్‌క్రీమ్ తింటూ, ఆ లాయర్ కుర్రాడు కూడా ఉన్నాడు.

పంతులుగారు నన్ను కిటికీలో చూశారు. సంబరం పట్టలేక, కిందటేటి మర్యాద గుర్తొచ్చి కాబోలు, శంఖం ఎత్తి పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి ఊదారు. బోటులోవాళ్ళు పైకి చూసి చేతులూపారు. ఒడ్డునున్నవాళ్ళు రోడ్డు లేస్తుందని ఫోన్లు పైకెత్తారు. లాయర్ కుర్రాడు ఐస్‌క్రీమ్ ఆపి నా వైపు చూశాడు.

నేను మీటల పక్కనున్న చిన్న బొమ్మకి ఒక దణ్ణం పెట్టుకున్నాను. తరవాత హారన్ మీద చెయ్యి వేసి, ఊరంతా వినపడేలా, ఐదు పొట్టి కూతలు కొట్టాను.

ఆయన, గొడుగు కూడా వంచకుండా, నా కాళ్ళ కిందినుంచి వెళ్ళిపోయాడు.